తలలు లెక్కపెట్టని పడవలు

1998 నవంబరు. కార్తీకమాసం వెళ్లిన మొదటి ఆదివారం. మా వ్యాపారానికి ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఉన్న రోజు ఇంకొకటి లేదు. నెల రోజులు నీసు ముట్టకుండా ఉన్నవాళ్లంతా ఆ వారం చేపల మీద పడతారు. కొనుక్కు తినేవాళ్లు బజారుకి వెళ్తారు. తామే పట్టుకుని, అక్కడే వండించుకుని తినాలనే సరదా ఉన్నవాళ్లు కొల్లేటికి, నా దగ్గరికి వచ్చేవాళ్లు.

నాకు అప్పట్లో మూడు పడవలు ఉండేవి. ఇల్లు గుడివాడలో, పడవలు మండవల్లి దాటాక సరస్సు ఒడ్డున ఒక రేవులో. నేను చేసేది చార్టర్ వ్యాపారం. అంటే పడవని రోజంతా ఒకే బృందానికి అద్దెకివ్వడం. పడవ, పడవవాళ్లు, గాలాలు, ఎర, వంటపాత్రలు మావి. పడిన చేప వాళ్లది. పడకపోతే మా పూచీ లేదు. ఈ చార్టర్ అనే మాట నాకు ఏ పడవవాడూ నేర్పలేదు. గుడివాడ గ్రంథాలయంలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో, ఎక్కడో చలిదేశపు మంచినీటి సరస్సులో ఇలాంటి వ్యాపారం చేసేవాళ్ల గురించి చదివాను. నేను చదివింది ఏడో తరగతి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ ఆరు పేజీలు చదవడానికి నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది. పుట్టింది దివిసీమలో. మా నాన్న నాగాయలంక వైపు రేవు దాటించేవాడు. పడవ నాకు పుట్టుకతో వచ్చింది, వ్యాపారం పుస్తకంలోంచి వచ్చింది అని అందరితో గొప్పగా చెప్పుకునేవాణ్ని.

మూడు పడవల్లో పెద్దదానికి అవుట్‌బోర్డ్ ఇంజను ఉండేది. పడవ లోపల కాకుండా వెనక అంచుకి తగిలించే ఇంజనును అలా అంటారు. మిగతా రెండూ గెడతో తోసే పడవలు. కొల్లేరు లోతైన సరస్సు కాదు. పొడుగాటి వెదురు గెడ దింపితే అడుగు తగులుతుంది. కానీ ఆ అడుగు నేల కాదు, బురద. నడుములోతు నీళ్లే కదా అని దిగినవాడు బురదలో మరో నడుములోతు దిగుతాడు. కొల్లేట్లో మనుషుల్ని ముంచేది నీళ్లకన్నా బురదే ఎక్కువ.

గాలం వేసేవాళ్లకి మా దగ్గర మోజు కొర్రమీను మీద. అది గుర్రపుడెక్క, తుంగ, తూడు పెనవేసుకుపోయి చాపలా పేరుకున్నచోట, దాని నీడలో నక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ చాపలు ఒక్కోచోట ఎంత మందంగా అవుతాయంటే, పలక వేసుకుని మనిషి కూర్చోవచ్చు. మా వాళ్లు వాటిని తేలుదిబ్బలు అంటారు. దగ్గరున్న లంకకో, పాతిన కర్రలకో ఆనుకుని నెలల తరబడి కదలకుండా ఉంటాయి. కదలవనుకుంటాం.

ఇంకొక సంగతి చెప్పాలి. మా పడవవాళ్లు పడవలో ఎక్కినవాళ్లని లెక్కపెట్టరు. వ్యాపారం మొదలుపెట్టిన కొత్తల్లో నేను ఒడ్డున నిలబడి వేలు చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. పెద్ద పడవ నడిపే నాంచారయ్య గెడ కింద పడేసి ఒడ్డుకి దిగిపోయాడు. ఆయన నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్ద. నేను మావా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు.

"తలకాయలు లెక్కపెట్టమాక అల్లుడూ. మనం లెక్కపెడితే గంగమ్మ కూడా లెక్కపెట్టుకుంటది."

"ఓడల్లో ప్రయాణికుల్ని లెక్కపెట్టే ఎక్కిస్తారు మావా. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినోణ్ని పిలువు. వచ్చి గెడెయ్యమను."

నేను మానేశాను. మరి ఏం చేసేవాళ్లమంటే, బయల్దేరేముందు నాంచారయ్య గట్టిగా, "అంతా ఎక్కారా?" అని అడిగేవాడు. "ఎక్కాం" అని పడవలోవాళ్లు అరిచేవాళ్లు. నాలుగేళ్లు అలాగే నడిచింది. ఎక్కనివాడు ఎక్కలేదని చెప్పడు కదా అనే ఆలోచన ఆ నాలుగేళ్లలో ఒక్కసారీ నాకు రాలేదు.

ఆ ఆదివారం వచ్చింది బందరు నుంచి ఒక ఆఫీసు బృందం. ఎనిమిది మంది ఉద్యోగులు, వాళ్లతో ఒక పెద్దాయన. బృందానికి పెద్ద ప్రసాదు గారు. నా పుస్తకంలో రాసుకున్నది ఆయన పేరొక్కటే. పెద్దాయన ఆయన మామగారు. కొద్దిగా చెముడు. డెబ్బై దాటాయి. అందరూ ఆయన్ని మావయ్యగారూ అంటుంటే నేనూ మావయ్యగారూ అన్నాను.

రెండు పడవల్లో బయల్దేరాం. పెద్ద పడవలో నేను, నాంచారయ్య. వెనక తాడుతో కట్టిన గెడపడవలో ఏసోబు. ఏసోబు నలభయ్యేళ్ల మనిషి, మాట తక్కువ. పొద్దున్నే గాలి లేదు. ఆకాశం మాత్రం మబ్బుగా ఉంది. ముప్పావుగంట లోపలికి వెళ్లి ఒక చిన్న లంక దగ్గర ఆగాం. అక్కడ పొయ్యి పెట్టుకోవడానికి గట్టినేల ఉంది. దానికి వంద గజాల దూరంలో పెద్ద తేలుదిబ్బ ఉంది.

ఆఫీసువాళ్లు సరదా మనుషులు. ఒకళ్ల గాలం ఒకళ్లకి తగులుకోవడం, నవ్వులు, పాటలు. పెద్దాయనకి అది నచ్చలేదు. నా దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, ఈ గోలలో కొర్రమీను కాదు గదా, కప్ప కూడా రాదు. నన్ను ఎక్కడన్నా విడిగా కూచోబెట్టండి."

"తేలుదిబ్బ మీద కూచుంటారా? భయపడరు కదా?"

"ఏంటీ?"

మళ్లీ గట్టిగా చెప్పాను. ఆయన నవ్వారు. "ముప్పై ఆరేళ్లు ఆఫీసులో నిలబడి పనిచేశానండీ. కూచోబెడతానంటే ఎక్కడైనా కూచుంటా."

నాంచారయ్య గెడపడవలో ఆయన్ని తీసుకెళ్లి దిబ్బ అంచున పలక వేసి కూర్చోబెట్టాడు. నేను ఒక లైఫ్ జాకెట్, అంటే నీళ్లలో పడితే తేల్చే చొక్కా, ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి కింద వేసుకుని కూర్చున్నారు. లంక మీద నుంచి చూస్తే ఆయన తెల్లచొక్కా కనిపిస్తూనే ఉంది. ఒంటిగంటకి ఏసోబు అన్నం, చేపల పులుసు పట్టుకెళ్లి ఆయనకి అక్కడే పెట్టి వచ్చాడు.

రెండు గంటలకి గాలి లేచింది. లేవడం కూడా నెమ్మదిగా లేవలేదు. ఈశాన్యం మూల నుంచి నల్లటి మబ్బు దిగి, పది నిమిషాల్లో నీళ్ల మీద తెల్లటి నురగ కనిపించింది. వాన మొదలైంది. పొయ్యి ఆరిపోయింది. అందరూ గిన్నెలు, చెప్పులు, గాలాలు చేతికి దొరికినవి పట్టుకుని పడవల్లోకి దూకారు. నా ఇంజను తడిసి అందుకోలేదు. ఏసోబుని ఆగవద్దని, నలుగురిని ఎక్కించుకుని తుంగ చాటున గెడేసుకుంటూ ముందు వెళ్లమని నేనే చెప్పాను. పావుగంట తంటాలు పడ్డాక ఇంజను అందుకుంది.

"అంతా ఎక్కారా?" అన్నాడు నాంచారయ్య.

"ఎక్కాం!"

నా పడవలోనూ ప్రసాదు గారితో కలిపి నలుగురు ఉన్నారు. మిగిలినవాళ్లు ఏసోబు పడవలో ఉన్నారనుకున్నాను. నేనే కాదు, పడవవాళ్లం ముగ్గురమూ అలాంటిదే ఏదో ఒకటి అనుకున్నాం. వానతెర వల్ల వంద గజాల అవతల ఏముందో కనిపించడం లేదు. చూడాలని కూడా ఎవరికీ తోచలేదు.

రేవుకి మేం వచ్చేసరికి మూడు దాటింది. ఏసోబు అప్పుడే చేరాడు. జనం తడిసిన గుడ్డలు పిండుకుంటూ వ్యాను వైపు నడుస్తున్నారు. ప్రసాదు గారు వ్యానులోకి తొంగిచూసి, ఏసోబు పడవ వైపు చూసి, నా వైపు తిరిగారు.

"మావయ్యగారేరండీ?"

నేను ఏసోబు వైపు చూశాను. ఏసోబు నాంచారయ్య వైపు చూశాడు.

"ఆయన్ని దిబ్బ మీద పెట్టింది నాంచారయ్యే కదా. పెట్టినోడే తెస్తాడనుకున్నా" అన్నాడు ఏసోబు.

"అన్నం తీసుకుపోయినోడివి నువ్వు. గిన్నెలకెళ్లినప్పుడు ఆయన్నీ తెచ్చావనుకున్నా" అన్నాడు నాంచారయ్య.

ప్రసాదు గారు చెప్పులు లేకుండా రేవులో నిలబడి ఉన్నారు. కోపం కూడా రాలేదు ఆయనకి.

"మా ఆవిడ వద్దంది. పెద్దాయన్ని నీళ్ల మీదకి తీసుకెళ్లొద్దంది. ఇంటికెళ్లి ఏం చెప్పనండీ?" అన్నారు.

పెద్ద పడవలో తిరిగి బయల్దేరాం. నేను, నాంచారయ్య. ప్రసాదు గారు వద్దన్నా వినకుండా ఎక్కారు. ఒడ్డున ఉండి ఏం చూడాలి అన్నారు. వాన తగ్గింది కానీ గాలి అలాగే ఉంది. సూర్యుడు కనిపించడం లేదు. చీకటి పడడానికి రెండు గంటలకన్నా ఎక్కువ లేదని నా లెక్క. చీకటి పడితే కొల్లేట్లో మనిషిని వెతకడం అయ్యే పని కాదు. కొంపతీసి ఆ పెద్దాయన మమ్మల్ని వెతుక్కుంటూ నీళ్లలోకి దిగుతారేమో అని నాకు ఒకటే భయం.

లంక చేరాం. ఆరిన పొయ్యి ఉంది. ఎవరిదో తువ్వాలు తుంగకి తగులుకుని ఉంది. దిబ్బ ఉండాల్సిన చోట దిబ్బ లేదు. ఉత్త నీళ్లు.

ప్రసాదు గారికి అర్థం కాలేదు. "ఇక్కడేనా? చోటు సరిగ్గా ఇదేనా?"

"ఇదేనండీ."

"మరి ఏదండీ?"

"కదిలిపోయింది" అన్నాడు నాంచారయ్య.

ప్రసాదు గారు పడవ అంచు పట్టుకుని, "మావయ్యగారూ! మావయ్యగారూ!" అని అరిచారు. నేనూ అరిచాను. చెవిటి మనిషిని, పేరైనా లేకుండా, ఎదురుగాలిలో పిలుస్తున్నాం. అది తెలిసి కూడా అరుస్తూనే ఉన్నాం.

ఎటు వెళ్లాలన్నది ఇప్పుడు తేల్చుకోవాలి. నాకు గ్రంథాలయంలో చదివిన డ్రిఫ్ట్ గుర్తొచ్చింది. చుక్కాని, ఇంజను లేనిది ఏదైనా గాలికో ప్రవాహానికో కొట్టుకుపోవడాన్ని డ్రిఫ్ట్ అంటారు. ఈశాన్యపు గాలి కాబట్టి దిబ్బ నైరుతికి పోతుంది. నాకు అందులో సందేహం లేదు.

"నైరుతికి పోనియ్ మావా."

నాంచారయ్య గెడ నీళ్లలో దింపి, దాన్ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని చూస్తున్నాడు. "అటు కాదు అల్లుడూ. ఉప్పుటేరు వైపు."

ఉప్పుటేరు కొల్లేటి నీళ్లని సముద్రానికి తీసుకుపోయే కాలవ. మేమున్న చోటికి అది ఆగ్నేయం దిక్కున ఉంది.

"గాలి అటు లేదుగా?"

"గాలి దేన్ని తోస్తది? తెరచాపని తోస్తది. ఆ దిబ్బ మీద గడ్డి మోకాలెత్తు కూడా లేదు. గాలికి ఏం దొరుకుద్ది? కిందేమో వేళ్లు బారెడు లోతున్నయ్. నీళ్లు ఎటు లాగితే అటే పోద్ది. పైనుంచి వాననీళ్లు దిగుతున్నయ్, ఉప్పుటేరు లాగుతా ఉంది. గెడకి తెలుస్తా ఉంది చూడు."

"ఇంత గాలి ఉంటే నీటి లాగుడు ఎంత మావా? పుస్తకంలో..."

"ఆ పుస్తకంలో మన కొల్లేరుందా?"

ప్రసాదు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. "ఏదో ఒకటి తేల్చండయ్యా" అన్నారు. పడవ నాది, ఇంజను పిడి నా చేతిలో ఉంది. నేను నైరుతికి తిప్పాను. నాంచారయ్య గెడ పైకి లాగి పడవలో పెట్టాడు.

ఇరవై నిమిషాలు వెళ్లాక దూరంగా ఒక దిబ్బ కనిపించింది. దాని మీద తెల్లగా ఏదో ఉంది. ప్రసాదు గారు లేచి నిలబడిపోయారు. ఇంకో వంద గజాలు వెళ్లేసరికి ఆ తెల్లటిది రెక్కలు విప్పి లేచింది. కొంగ. పైగా ఆ దిబ్బ మీద మనిషెత్తు కిక్కిస గడ్డి ఉంది. గాలికి తెరచాపలా వంగి ఆ దిబ్బ మా కళ్లముందే జరుగుతోంది. నాంచారయ్య చెప్పిన తేడా అక్కడ కంటికి కనిపించింది. గడ్డి ఎత్తుగా ఉన్నది గాలితో వచ్చింది. మాది రాలేదు.

నోరు విప్పి తప్పయిందని కూడా అనకుండా పడవ వెనక్కి తిప్పాను. ఇరవై నిమిషాలు పోయాయి, తిరిగి రావడానికి మరో ఇరవై. ఆ దారిలో నేను చేసిన మంచి పని ఒకటే. ఒక గుర్రపుడెక్క ముద్ద పీకి, అడుగున వేళ్లు ఎక్కువ ఉన్నదాన్ని ఎంచి, లంక దగ్గర నీళ్లలో వేసి, పడవని పాతిన కర్రకి ఆనించి నా వాచీలో రెండు నిమిషాలు చూశాను. ముద్ద గాలికి కాస్త పక్కకి ఒరిగింది కానీ ఆగ్నేయానికే జరిగింది. రెండు నిమిషాల్లో ఎంత జరిగిందో గెడతో కొలిచాం. దాన్నిబట్టి గాలి లేచినప్పటి నుంచీ ఇప్పటిదాకా దిబ్బ ఎంత దూరం పోయి ఉంటుందో లెక్క కట్టాను.

"మైలు, మైలుంపావు" అన్నాను.

నాంచారయ్య తలూపాడు. "అయితే దడికట్ల దగ్గరికి చేరిపోయి ఉంటది."

దడికట్లంటే చేపల్ని మళ్లించడానికి అడ్డంగా వెదురు తడికలు పాతిన చోటు. అది విని నేను ధైర్యపడ్డాను. తడికలకి ఆనుకుని ఆగుతుంది కదా అన్నాను. నాంచారయ్య ప్రసాదు గారికి వినపడకుండా నా చెవి దగ్గర చెప్పాడు.

"ఆగుద్ది. ఆగినాక నీళ్లు ఊరుకోవు. కిందనుంచి కోస్తయ్. ముక్కలు ముక్కలవుద్ది."

ఆగ్నేయానికి వెళ్తుంటే గుర్రపుడెక్క పంకాకి చుట్టుకోవడం మొదలైంది. రెండుసార్లు ఇంజను ఆపి, వంగి కొడవలితో కోశాను. మూడోసారి పూర్తిగా బిగుసుకుపోయింది. ఇంజను దగ్గినట్టు శబ్దం చేసి ఆగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. కొడవలి తీసుకుని వంగాను.

అప్పుడు వినిపించింది.

"రామస్వామీ... రామస్వామీ... రామస్వామీ..."

ముందు నా భ్రమ అనుకున్నాను. గంట కొట్టినట్టు, ప్రతి అక్షరం విడివిడిగా, సాగదీసిన గొంతు. కాసేపు ఆగి మళ్లీ వచ్చింది. ఈసారి వేరే పేరు. "సుబ్బారాయుడూ... సుబ్బారాయుడూ... సుబ్బారాయుడూ..."

ప్రసాదు గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "మావయ్యగారే! మా మావయ్యగారేనండీ! కోర్టు పిలుపు!"

ఆయన చెప్పింది విన్నాక అర్థమైంది. పెద్దాయన బందరు కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరయ్యారు. కేసు వచ్చినప్పుడు వరండాలోకి వచ్చి వాది ప్రతివాదుల పేర్లు మూడేసిసార్లు పిలిచే పని ఆయనది. చెట్ల కింద, టీ కొట్ల దగ్గర ఉన్నవాళ్లకి కూడా వినపడాలి. ముప్పై ఆరేళ్లు పిలిచిన గొంతు అది. పొద్దుటినుంచీ నాతో ఆయన మాట్లాడింది పది ముక్కలు. ఆ మనిషిలో అంత గొంతు ఉందని ఎవరనుకుంటారు? అంతసేపూ ఇంజను మోగుతుంటే ఆ గొంతు కూడా మాకు వినపడలేదు. ఇంజను ఆగకపోతే పక్కనుంచే వెళ్లిపోయేవాళ్లం.

ఇంజను వదిలేసి ఇద్దరం గెడలు పట్టుకున్నాం. గొంతు వచ్చిన వైపు తుంగ చీల్చుకుంటూ తోశాం. ప్రసాదు గారు చేతులతో నీళ్లు వెనక్కి నెడుతున్నారు. తుంగ దాటగానే దడికట్లు కనిపించాయి. తడికలకి ఆనుకుని దిబ్బ ముక్కలు. ఒక ముక్క మీద, మంచమంత కూడా లేదు అది, పెద్దాయన పలక మీద గొంతుక్కూర్చున్నారు. పలక చుట్టూ నీళ్లు పైకి ఉబికి వస్తున్నాయి. లైఫ్ జాకెట్ ఇప్పుడు మెడలో వేసుకున్నారు, తలకిందులుగా. మమ్మల్ని చూడగానే లేవబోయారు.

"లేవొద్దు!" అని ముగ్గురం అరిచాం.

"ఏంటీ?" అన్నారు ఆయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, సగం లేచి.

ముక్క ఒక పక్కకి ఒరిగింది. ఆయన కాలు గడ్డిలోంచి కిందికి దిగిపోయింది, తొడదాకా. పడవని దగ్గరికి తోస్తే ఆ తాకిడికి ముక్క విడిపోతుంది. తోయకపోతే ఆయన దిగిపోతారు. అరిస్తే వినపడదు. నాంచారయ్య చొక్కా విప్పి, నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస నాకిచ్చాడు. పడవ అంచు నుంచి ఉడుములా గడ్డి మీదకి పాకాడు. పాకి, ఆయనకి ఎదురుగా బోర్లా పడుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ, చేత్తో గడ్డిని రెండుసార్లు చరిచాడు. నాలాగా పడుకో అని. తిరిగి చరిచాడు. పెద్దాయనకి అర్థమైంది. నెమ్మదిగా ముందుకి వాలి పలక మీద బోర్లా పడుకున్నారు. ఒరిగిన ముక్క సర్దుకుంది.

నాంచారయ్య ఆయన చంకల కింద చేతులు వేశాడు. నేను, ప్రసాదు గారు తాడు లాగాం. సగం దూరం వచ్చాక గడ్డి చినిగింది. ఇద్దరూ మెడలోతు నీళ్లలోకి దిగిపోయారు. నా అరచేతుల్లో తాడు జారి చర్మం లేచింది. నేను నా జీవితంలో అంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు. ముందు పెద్దాయన చెయ్యి పడవ అంచుకి తగిలింది, తర్వాత నాంచారయ్య తల తేలింది. ఇద్దరినీ లోపలికి లాగి పడేశాం. పలక, గాలపు కర్ర తడికల కిందకి వెళ్లిపోయాయి.

ప్రసాదు గారు తన చొక్కా విప్పి మామగారి తల తుడుస్తున్నారు, తుడుస్తూ ఏడుస్తున్నారు. పెద్దాయన దమ్ము తీసుకుని నా వైపు చూశారు.

"కోర్టులో అయితే మూడు పిలుపులకి రాకపోతే కేసు కొట్టేస్తారండీ. నేను మిమ్మల్ని గంట నుంచీ పిలుస్తున్నా."

"ఆ రామస్వామి ఎవరండీ?" అన్నాను, గట్టిగా, ఆయన చెవి దగ్గర. ఆ సమయంలో అడగాల్సిన మాట కాదు. కానీ నోట్లోంచి అదే వచ్చింది.

"ఎవరో వాది. మీ పేర్లు నాకు తెలీదుగా? పేరు లేకుండా పిలవడం నాకు చేతకాదు. గుర్తొచ్చిన కేసులన్నీ పిలిచా. పాపం, వాళ్లలో సగం మంది పోయారు కూడా."

నాంచారయ్య పడవ అడుగున పడుకునే పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకూ ఆయన పేరు తెలియదు. పొద్దున్న ఎనిమిది గంటల నుంచి ఆయన నా పడవలో ఉన్నారు.

పంకా కోసుకుని, చీకటి పడుతుండగా రేవు చేరాం. మిగతావాళ్లు వ్యాను లైట్లు నీళ్ల వైపు వేసి నిలబడి ఉన్నారు. టీ తాగాక పెద్దాయన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాను. లెక్కపెట్టడం మానేసిన సంగతి, గంగమ్మ సంగతి, ఎక్కారా అంటే ఎక్కాం అనే సంగతి. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన నాంచారయ్యని పిలిచారు.

"లెక్కపెట్టడం మీకు పనికిరాదా?"

"రాదండీ బాబూ" అన్నాడు నాంచారయ్య, వంగి, చెవి దగ్గర. ఆ రోజు నీళ్లలోకి దిగినవాడు ఆయనే. ఆయన్ని కాదనే హక్కు నాకు లేదు.

"అయితే మానెయ్యండి. పేర్లు పిలవండి. పేరు పిలవడం తప్పు కాదుగా?"

నాంచారయ్య ఆలోచించాడు. "పేరు పిలిస్తే ఏం తప్పండీ. పేరున్నదే పిలవడానికి."

"కోర్టులో వరండా నిండా జనం ఉంటారు. అందరూ వచ్చారా అని మేం ఎప్పుడూ అడగం. అడిగితే వచ్చినవాళ్లే వచ్చామంటారు. పేరు పిలిస్తే రానివాడు కూడా తెలిసిపోతాడు."

నాలుగేళ్లు నేను చదివిన పుస్తకాల్లో ఈ ముక్క దొరకలేదు. నిజం చెప్పాలంటే దొరక్కపోవడం కాదు, నేను వెతకలేదు. లెక్క కుదరదని నాంచారయ్య అన్నప్పుడు, మరి వేరే దారి ఏముందని ఆలోచించాల్సినవాణ్ని నేను. వాళ్ల నమ్మకాన్ని చిన్నచూపు చూస్తూ, దాని చాటున నా బద్ధకాన్ని దాచుకున్నాను. ఒకవేళ లెక్కపెట్టినా, ఒకరు తగ్గారని తెలుస్తుంది కానీ ఎవరు తగ్గారో తెలియదు. ఆయనకి చెముడని, ఆయన్ని దిబ్బ మీద పెట్టామని తెలియాలంటే, ఆయన ఎవరో ముందు తెలియాలి. అద్దెకి తీసుకున్నవాడి పేరొక్కటి రాసుకుంటే పడవలో ఉన్నది ఒక్కడే అన్నట్టు. ఆ వారం నుంచి ఎంత పెద్ద బృందం వచ్చినా, చంటిపిల్లల పేర్లతో సహా రాసుకున్నాకే పడవ విప్పాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ కాగితం చదివేవాణ్ని. పేరు పిలిచాక జవాబు వచ్చేలోపు క్షణమో రెండు క్షణాలో గడుస్తుంది. ఆ కాస్తసేపూ నా అరచేతులు మండేవి. వ్యాపారం ఉన్నన్నాళ్లూ అలాగే మండాయి.

మరుసటి ఏడాది కార్తీకం వెళ్లాక అదే బృందం మళ్లీ వచ్చింది. పెద్దాయన కూడా వచ్చారు. కూతురు ఒప్పుకోలేదట, పేచీ పెట్టి వచ్చారట. వెంకటరమణయ్య గారు. ఆయన పేరు కాగితంలో మొదటే రాశాను. సాయంత్రం తిరిగి బయల్దేరేముందు నేను కాగితం తీస్తే, "మీ గొంతు గట్టుదాకా కూడా పోదు, ఇటివ్వండి" అని లాక్కున్నారు. నిలబడబోతే నాంచారయ్య భుజం పట్టి కూర్చోబెట్టాడు. కూర్చునే ఒక్కొక్క పేరూ మూడేసిసార్లు పిలిచారు. నీటికోళ్లు తుంగలోంచి లేచిపోయాయి. అందరూ నవ్వుతూ పలికారు. నన్నూ పిలిచారు, ఏసోబునీ పిలిచారు, నాంచారయ్యనీ పిలిచారు. కాగితంలో మొదటి పేరొక్కటే మిగిలింది. దాన్ని కూడా వదలకుండా, వరండాలో పిలిచినట్టే మూడుసార్లు పిలిచి, కాస్త ఆగి, తనే "హాజర్" అన్నారు.

అప్పుడు నాంచారయ్య గెడ ఎత్తాడు.